ఫైరింజనుకు క్యారేజి

తొర్రూరు నుంచి వరంగల్‌కు మొదటి బస్సు పొద్దున ఆరు గంటలకని బస్టాండు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఈ దారిన వెళ్ళదలచినవారు ఆ గోడను నమ్మవద్దు. నేను వెళ్ళిన రోజు బస్సు ఆరున్నర దాటాక వచ్చింది. ఆలస్యమెందుకని అడిగితే డ్రైవరు నా మొహం కూడా చూడకుండా "చాయ్ తాగొద్దా మరి?" అన్నాడు. ఆ డ్రైవరును నేను మరచిపోను. ఎడమ చెంప మీద పులిపిరి ఉంటుంది.

నా చేతిలో నాలుగు గిన్నెల క్యారేజి. అడుగున బగారన్నం, దాని మీద కోడికూర, ఆ పైన పచ్చిపులుసు, అన్నిటికన్నా పైన గారెలు. పులుసు కారకుండా మా ఇంటామె సుగుణ మూత చుట్టూ గోధుమపిండి మెత్తింది. కోడి కూయకముందే లేచి వండింది. వండినంతసేపూ ఒకటే మాట.

"పన్నెండేండ్లాయె. ఇగనన్న ఇడిసిపెట్టరాదు?"

"ఇడిసిపెట్టెటందుకే పోతాన," అన్నాను.

ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి. అది ఎనభై నాలుగు ఎండాకాలం. కటింగ్ షాపులో నా వంతు కోసం కూర్చుని (నా వంతు దాటేసి వేరేవాడిని పిలిచారు, అది వేరే సంగతి) పేపరు తిరగేస్తుంటే ఒక ప్రకటన కనిపించింది. వరంగల్ ఫైర్ స్టేషన్‌లోని పాత ఫైరింజనును వేలం వేస్తారట. కొనేవాళ్ళు ముందురోజు వచ్చి చూసుకోవచ్చట. ఫైరింజను కొని నేనేం చేసుకుంటాను? కానీ ఆ బండితోనూ, దాన్ని నడిపిన మనిషితోనూ నాకు పాత పేచీ ఒకటి ఉంది.

డెబ్బై రెండులో మా గడ్డివాముకు నిప్పంటుకుంది. పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర, మా మేనత్త కొడుకు ఐలయ్య బావ వాము. పోస్టాఫీసు నుంచి ఎవరో ఫోను చేశారు. మండుతున్న గడ్డిని నేను రెండు చేతులతో లాగి లాగి పారేశాను. తర్వాత నెల రోజులు సుగుణే నాకు అన్నం కలిపి పెట్టింది. వరంగల్ నుంచి ఫైరింజను గణగణమని గంట కొట్టుకుంటూ వచ్చేసరికి నా వాము బూడిద. వాళ్ళు పైపులు పరిచి బావ వామును తడిపారు. అది దక్కింది.

మంటలార్పడానికి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టి పంపడం మా వైపు ఆనవాయితీ. పెట్టాల్సింది నిప్పు పడిన ఇంటివాళ్ళే. కానీ నిప్పు పడిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించరాదని మా అమ్మ అడ్డం కూర్చుంది. గోడ అవతల బావ ఇంట్లో పొయ్యి వెలిగింది, కోడి తెగింది. కనీసం మంచినీళ్ళయినా ఇద్దామని నేను ఇత్తడి చెంబు పట్టుకుని డ్రైవరు దగ్గరికి వెళ్ళాను. అతడు చెంబు అందుకున్నాడు. ఊరంతా చూస్తుండగా ఒక్క చుక్క తాగకుండా ఆ నీళ్ళన్నీ నేలపాలు చేసి, ఖాళీ చెంబు నా కాళ్ళ దగ్గర పెట్టి, బావ ఇంటి వైపు నడిచాడు.

అప్పటినుంచి ఏ పెళ్ళి పంక్తిలో కూర్చున్నా బావ ఈ కథ ఎత్తుకుంటాడు. "ఫైరింజనోళ్ళు మా ఇంట్ల కడుపు నిండ తిన్నరు. ఈళ్ళింట్ల నీళ్ళు గూడ..." అని అక్కడ ఆగి, నా వైపు చూసి, "ముట్టలే" అంటాడు. మా పెద్దోడి పెళ్ళిలో మా వియ్యంకుడికి కూడా చెప్పాడు. ఆయన ఆ పూట మా ఇంట్లో పెరుగన్నం వద్దన్నాడు. కడుపు బాగాలేదన్నాడు గానీ, నాకు తెలియదా?

బండి వేలానికి పోతోంది. డ్రైవరు కూడా ఇవాళో రేపో రిటైరవుతాడు. ఈలోగా అతని చేత మా ఇంటి అన్నం తినిపించాలి. అదీ నా పని.

రాయపర్తిలో ఒక ముసలమ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. కూర్చుంటూనే క్యారేజి వైపు చూసి నిట్టూర్చింది.

"దవాఖానల ఎవలున్నరు కొడుకా?"

క్యారేజి పట్టుకుని వరంగల్ బస్సెక్కినవాడు పెద్దదవాఖానకు తప్ప ఇంకెక్కడికి పోతాడని మా ప్రాంతంలో అందరి నమ్మకం.

"ఎవ్వలు లేరవ్వా. ఫైరింజను కాడికి పోతాన."

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "అయ్యో, కాలిందా? బాగ కాలిందా బిడ్డా?" అంటూ నా చెయ్యి నిమిరింది. కాలింది పన్నెండేళ్ళ కిందటని చెబితే ఇంకా జాలిపడింది. "పన్నెండేండ్ల సంది దవాఖానలనే ఉన్నడా!" అంది. ఆమె కోడలు కాన్పుకు చేరిందట. నా మనిషి గురించి కూడా మొక్కుకుంటానంది. నేనిక వాదించలేదు.

వర్ధన్నపేటలో బస్సు మళ్ళీ చాయ్ కోసం ఆగింది. పులిపిరి డ్రైవరు రెండు కప్పులు తాగాడు. అక్కడ అరటిపండ్లు మంచివి, చాయ్ మాత్రం వద్దు. వరంగల్ చేరేసరికి తొమ్మిది. బస్టాండు బయట రిక్షా ఎక్కి నేను నోరు తెరవకముందే రిక్షా అతను "దవాఖానకే కదా సార్?" అని తొక్కడం మొదలుపెట్టాడు. చౌరస్తా దగ్గర దింపించుకుని, ఒక హోటల్లో ఇడ్లీ తిన్నాను. సర్వరు బల్ల మీద అందరికీ రెండోసారి సాంబారు పోశాడు, నాకు తప్ప. ఆ హోటలు పేరు రాయను, అంత మర్యాద దానికి అక్కర్లేదు. మిగిలిన దారి నడిచే వెళ్ళాను.

ఫైర్ స్టేషన్ లోపల, వేపచెట్టు కింద నిలబడి ఉంది ఆ బండి. పొడవాటి ముక్కు, రెండు గుండ్రటి దీపాలు. పక్కలకు తలుపుల్లేవు. మీద కర్ర నిచ్చెన. ముందర ఇత్తడి గంట, దాని నాలుకకు నల్లబడిన తాడు. తుప్పు మీదే కొత్తగా ఎర్ర రంగు పూశారు. ఒకప్పుడు మా ఊళ్ళోకి వచ్చినప్పుడు కొండంత కనబడింది. ఇప్పుడు దాని ముక్కు నా భుజం దాకా వచ్చింది, అంతే. చక్రాల్లో గాలి లేదు. దాని మీద నాకున్న కోపంలో కొంత అక్కడే తగ్గిందని ఒప్పుకుంటాను. కొంతే.

"వేలానికొచ్చినవా తమ్మీ?" అన్నారెవరో వెనకనుంచి.

యాకయ్య. ఆనాడు నా చెంబు అందుకున్న డ్రైవరే. జుట్టు నెరిసింది, బక్కచిక్కాడు, గొంతు మాత్రం అదే. ఆ గొంతు నేను మరచిపోతానా?

"తొర్రూరు నుంచొచ్చిన," అన్నాను, ఆ ఒక్క మాటకే తల వంచుకుంటాడనుకుని.

"తొర్రూరా!" యాకయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "అరే, తొర్రూరు ఆయనొచ్చిండ్రా! కోడికూర!"

లోపలినుంచి ఇద్దరు ఫైర్‌మెన్లు నవ్వుకుంటూ వచ్చారు. అప్పుడు తెలిసింది, వీళ్ళు ఏ మంటనూ ఊరి పేరుతోనో తారీఖుతోనో గుర్తుపెట్టుకోరు. అక్కడ ఏం తిన్నారో దాన్నిబట్టి గుర్తుపెట్టుకుంటారు. ములుగు అడవిలో గుడిసెలు కాలినప్పుడు జొన్నరొట్టె, తేనె. మరిపెడలో మిరపకాయల కల్లం అంటుకున్నప్పుడు మాత్రం ఎవరూ ఏమీ తినలేదు.

"మంట ఆర్పినంక ఊరు ఊరంత తుమ్ముడే," అన్నాడు యాకయ్య. "అన్నం పెడ్త అన్నాయిన తుమ్ముతాండు, తింట అన్నోడు తుమ్ముతాండు. విస్తరాకులు ఎగిరిపోయినయ్. మా ముసలిది గూడ తుమ్మింది, స్టార్టే గాలే." ముసలిదంటే బండి. అతడు దాని బానెట్టు మీద చెయ్యి వేసి చెబుతున్నాడు, ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు. వానాకాలంలో హ్యాండిల్ తిప్పితే అది వెనక్కి తన్నేదట. ఒకతని మణికట్టు విరిగిందట. ఆ మణికట్టు మనిషి కూడా దాన్ని తిట్టలేదట.

నాకు ఈ ముచ్చట్లు వినే ఓపిక లేదు. "ఆ కోడి మా బావది," అన్నాను. "కాలింది నా వాము."

ముగ్గురూ నవ్వు ఆపారు.

"అన్నం తెచ్చిన. తినాలె."

యాకయ్య నన్నూ, క్యారేజినీ చూశాడు. "జర ముందుగాల చెప్తే పొద్దున టిఫిన్ మానుకుంటుంటి గదనే," అంటూ పళ్ళేలు తెప్పించాడు. పాత బండి నీడలో కూర్చున్నాం. మూతకు మెత్తిన పిండి నేనే ఊడదీశాను. బగారన్నం వాసనకు ఇంకొకాయన కూడా లోపలినుంచి వచ్చి కూర్చున్నాడు. యాకయ్య కూర కలిపాడు, ముద్ద చేశాడు, ఎత్తాడు.

లోపల ఫోను మోగింది.

పత్తి గోదాము అంటుకుందట. యాకయ్య ముద్ద పళ్ళెంలో పడేసి పరుగెత్తాడు. కొత్త ఫైరింజను సైరన్ వేసుకుంటూ గేటు దాటింది. గంట మోతలో ఉన్న మర్యాద సైరన్‌లో లేదు. చెట్టు కింద మిగిలింది నేనూ, నాలుగు పళ్ళేలూ, ముసలిదీ.

ఈగలు వాలకుండా అన్నీ మళ్ళీ గిన్నెల్లో సర్ది, ఎండ తగలకుండా క్యారేజిని బండి ఎక్కించి, నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. మధ్యాహ్నం దాటింది. తిరిగి వస్తారో రారోనని భయం పట్టుకుంది. ఆఖరి బస్సు తప్పితే సుగుణకు ఏం చెప్పాలి? ఇంతలో పాత ఇనుము కొనే ఆసామి ఒకడు వచ్చి, బండిని చూడకుండా నేరుగా గంట దగ్గరికి వెళ్ళి వేలితో కొట్టి చూశాడు.

"ఇత్తడి మంచిదే. మిగిలిందంత కచరా," అన్నాడు. "నువ్వెవలు, వాచ్‌మనా?"

"అన్నం తెచ్చినోణ్ని."

"బండికా?" అని నవ్వాడు. "పెట్రోలు పొయ్యకపోతివి?"

"ఇది కచరా గాదు. యాభై మైళ్ళ దూరంల మంటంటుకుంటే పోయొచ్చిన బండి. రేపు వేలంల చూసుకో, ఇయ్యాల గంటను ముట్టకు," అన్నాను. నేనెందుకు అన్నానో నాకే తెలియదు. అసలు చూస్తే ఆ బండి మా ఊరికి ఆలస్యంగా వచ్చింది. దూరం కూడా కొంచెం ఎక్కువే చెప్పాను. ఆసామి గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మూడు దాటాక వాళ్ళు తిరిగొచ్చారు. మొహాలు మసి, బట్టలు తడి. నేను దిగి పళ్ళేలు పరిచాను. ఎవరూ కూర్చోలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తమ్మీ," అన్నాడు యాకయ్య మెల్లగా, "ఆడ సేట్లు పూరీలు, జిలేబి పెట్టిన్రు. ఒద్దంటె ఇనలే."

నేను క్యారేజి మూత పెట్టేశాను. పన్నెండేళ్ళుగా దాచుకున్నది అక్కడే, అందరి ముందే అనేశాను. "ఆనాడు నా చెంబు నీళ్ళు పారబోస్తివి. ఇయ్యాల నా అన్నం. నీకు మా ఇల్లంటే ఏం పగ అన్నా?"

"చెంబా?" యాకయ్య నావైపు వింతగా చూశాడు. తర్వాత దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు పైకి తిప్పి చూశాడు. "ఇత్తడి చెంబు తెచ్చినాయినవా నువ్వు! మచ్చలు పోయినయే."

"ఏం మచ్చలు?"

"బొబ్బలు. రెండు చేతులు పొంగి ఉండె. ఆ చేతుల్తోని చెంబు పట్టుకొస్తివి. ఆ నీళ్ళు నేనెట్ల తాగుడు? నీ చేతుల మీదనే పోసిన."

నీళ్ళు చేతుల మీద పోసిన మాట నిజం. చేతుల మీదినుంచి నేల మీద పడ్డ మాట కూడా నిజమే. ఊరంతా చూసింది రెండోదే. నేను చెప్పుకుంటూ వచ్చింది కూడా రెండోదే.

"ఆ ముక్క నోటితోని చెప్తే ఏం పోయేది?" అన్నాను.

"చెప్తే ఇనే మొకమా అది? నీ వాము కంటె నువ్వే ఎక్కువ మండుతుంటివి," అన్నాడు. మసి మొహాలన్నీ నవ్వాయి. యాకయ్య బకెట్ దగ్గర చేతులు కడుక్కుని వచ్చి పాత బండికి ఆనుకుని కూర్చున్నాడు. "పెట్టు. మీ బావ కోడి లెక్క లేకుంటే చాలు."

"అదేంది? కోడికూర అని అంత గనం యాది పెట్టుకున్నరు?"

"యాది లేకుంటెట్ల? ఉడకలే తమ్మీ! మీ బావ మీతోని పంతానికి ఆగమాగం దించినట్టున్నడు. తొర్రూరు కెల్లి వరంగల్ దాక కడుపులు పట్టుకోని ముసలిదాన్ని ఎన్ని తుప్పల కాడ ఆపినమో ఆ దేవునికెరుక. గంట కొట్టుకుంట పోయినం, గంట కొట్టుకుంటనే వచ్చినం, తొవ్వ ఇయ్యిమని."

నేను ఇంకో గారె వేశాను. తర్వాత ఇంకొకటి. జిలేబీ తిన్న కడుపుతోనే యాకయ్య పళ్ళెం ఖాళీ చేశాడు, పులుసు కూడా తాగాడు. వేళ్ళు నాకి, "కూరల ఉప్పు జర తక్కువున్నది," అన్నాడు. సుగుణ కూరలో ఉప్పు ఎన్నడూ తగ్గదు. పొద్దున్నుంచి చల్లారితే ఏ కూరైనా అట్లాగే ఉంటుంది. అది ఆలస్యంగా తిన్నవాళ్ళ తప్పు. ఈ మాట నేను గుర్తుంచుకుంటాను.

వెళ్ళేముందు యాకయ్య గంట తాడు నా చేతిలో పెట్టాడు. "రేపటికెల్లి ఇది ఎవలదో. ఓసారి కొట్టు." కొట్టాను. ఒక్కసారే అన్నాడు గానీ మూడుసార్లు కొట్టాను. రోడ్డు మీద రెండు సైకిళ్ళు పక్కకు తప్పుకున్నాయి. యాకయ్య మాత్రం అటు చూడలేదు, బానెట్టు మీద తడి గుడ్డతో ఏదో తుడుస్తున్నాడు. అక్కడ తుడవడానికి ఏమీ లేదు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది, అద్దం మాత్రం దిగలేదు. పొద్దుటి ముసలమ్మ మళ్ళీ కనిపించింది. మనవడు పుట్టాడట. నా ఒళ్ళోని క్యారేజిని ఊపి చూసింది.

"తిన్నడా కొడుకా?"

"తిన్నడవ్వా. అంత తిన్నడు."

"ఇగ ఫికర్ లేదు పో."

"ఉప్పు తక్కువైందన్నడు."

"నోటికి రుచి తెలుస్తాంది గద బిడ్డా! ఇగ లేసి కూసుంటడు," అని నా భుజం తట్టింది.

వరంగల్ వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేదొకటే. గోడ మీది టైము నమ్మకండి, వర్ధన్నపేట చాయ్ తాగకండి, క్యారేజిలో కూర ఉంటే ఉప్పు ఒక పలుకు ఎక్కువే వేయించుకోండి. వైశాఖంలో ఐలయ్య బావ మనవరాలి పెళ్ళి. పంక్తిలో నేను బావ పక్కనే కూర్చుంటాను. కోడికూర వడ్డించే వేళకు ఆయన కథ ఎత్తుకుంటాడు. "ఈళ్ళింట్ల నీళ్ళు గూడ..." అని ఎప్పటిలాగే ఆగి, నావైపు చూస్తాడు.

ఆగనీ.