కారణం గడిలో తన పేరు రాసుకున్న అప్పలస్వామి గారు

సోమవారం ఉదయం సుభాష్‌పల్లిలో మా కంప్యూటర్ సెంటర్ తాళం తీస్తుండగా కబురు అందింది. అప్పలస్వామి గారు ఇక లేరు. శనివారం సాయంత్రం మెషీను మూత బిగించి, నాలుగు స్క్రూలూ మళ్లీ తడిమి చూసి వెళ్లిన మనిషి! తాళంచెవి చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

రైల్వేలో ఫిట్టరుగా రిటైరై, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో కొడుకు రైల్వే క్వార్టర్లో ఉండేవారు. మా సెంటర్లో మెషీన్ల బాగోగులు ఆయనవే. ఆయనకు కంప్యూటర్ చదువు లేదు, నాకు ఉంది. అది పెద్ద తేడా అని నేను అనుకున్నది మొదటి మూడు నెలలే.

ఒక స్కూలు ఫలితాల జాబితా అచ్చు వేయాల్సి వచ్చింది. గడువు రెండు రోజులు. నా ప్రోగ్రాం నడిచిన ప్రతిసారీ ఇరవై నిమిషాలకు తెర మీద ‘పానిక్’ అని పడి మెషీను ఆగిపోయేది. మెషీను మొత్తాన్నీ నడిపించే కెర్నెల్, తన మెమరీని తానే నమ్మలేనప్పుడు అలా చేతులెత్తేస్తుంది. మిగతావాళ్ల ప్రోగ్రాములు మాత్రం హాయిగా నడిచేవి. తప్పు నాదేననీ, రేపటికి సరికాకపోతే వేరే మనిషిని చూసుకుంటాననీ బెంగాలీ అయిన మా యజమాని చెప్పేశారు.

నేను కారణాల జాబితా రాసుకున్నాను. అప్పలస్వామి గారు అది తీసుకుని కళ్లజోడు సర్దుకున్నారు.

“ఇదేటి బాబూ, పదకొండు రాసినావు. అన్నీ నీ తప్పులేనా?”

“ప్రోగ్రాం నాదే కదా బాబాయ్.”

“మెషీను నీది కాదు గదా. ఇందులో దానిక్కూడా ఒక వరస ఇయ్యి.”

మూత తీశారు. విప్పిన ప్రతి భాగం మీదా అది ఉన్న చోటు సుద్దతో రాయడం వర్క్‌షాపు అలవాటు. నాలుగు మెమరీ బోర్డుల మీదా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాశారు. నాలుగోదాన్ని మొదటి గాడిలోకీ, ఒకటోదాన్ని నాలుగో గాడిలోకీ మార్చారు. “ఒక్క మార్పే సెయ్యాల. రెండు సేస్తే ఏది పనిసేసిందో నీకూ తెల్దు, దానికీ తెల్దు.”

స్విచ్ వేశాం. నా ప్రోగ్రాం మొదలుపెట్టకముందే ‘పానిక్’!

నాకు అప్పుడు అర్థమైంది. నాది పెద్ద ప్రోగ్రాం. మెమరీ నింపుకుంటూ చివరి బోర్డు దాకా వెళ్లేది అదొక్కటే. చెడిపోయిన ఆ బోర్డు ముందుకు వచ్చేసరికి, మొదటి గాడిలోనే మొదలయ్యే కెర్నెలే దాని మీద కాలు పెట్టి కూలింది. ఆయన యజమానిని పిలిచి తెర చూపించారు. “దేఖో దాదా, ఈడి ప్రోగ్రాం ఇంకా నిద్దరే లేవలేదు.”

బోర్డును కిటికీ వెలుతురులో పట్టుకుని చూశారు. అంచున వెంట్రుకంత పగులు. ఆయన ముఖం మారింది. నెల క్రితం దుమ్ము తుడిచి దాన్ని తిరిగి బిగించింది ఆయనే.

బోర్డు పంపిన కంపెనీ దగ్గరే పగిలిందని, రిపేర్లు రాసుకునే రిజిస్టర్లో రాసేయమని యజమాని హిందీలో అన్నారు. అప్పలస్వామి గారు తల అడ్డంగా ఊపి, కారణం గడిలో తన చేత్తోనే రాశారు: ‘గట్టిగా నొక్కినాను. అప్పలస్వామి.’

“ఎందుకు బాబాయ్?” అన్నాను.

“రేపు ఇంకొకడు ఇలాగే నొక్కుతాడు. రాసుంటే సూస్తాడు.”

మిగిలిన మూడు బోర్డులతోనే, జాబితాను రెండు ముక్కలు చేసి, గడువులోగా అచ్చు వేశాం. నా ఉద్యోగం నిలిచింది. తర్వాత రెండేళ్లూ నేను రిజిస్టర్లో రాసిన ప్రతి వరుసా ఆయన పక్క కుర్చీలో కూర్చుని చదివేవారు. నిజం రాస్తే “ఠీక్ హై” అనేవారు. తప్పించుకుని రాస్తే రిజిస్టరు నా వైపు తోసేవారు. అంతకు మించిన పరీక్ష నేను ఏ కాలేజీలోనూ రాయలేదు.

నిన్న మెషీను మళ్లీ ఆగింది. బోర్డులకు సుద్దతో అంకెలు వేశాను, ఒక్క మార్పే చేశాను, తప్పు దొరికింది. కిందటివారం ఆ బోర్డును వదులుగా బిగించినది నేనే. కారణం గడిలో నా పేరు రాశాను.

తర్వాత అలవాటుగా రిజిస్టరు పక్క కుర్చీ వైపు జరిపాను.