వాన పడని సెమీఫైనల్

2003 మే నెల. రాజోలు దగ్గర ఒక లంక గ్రామంలో, హైస్కూల్లో నేను పీఈటీగా పనిచేస్తున్నాను. పీఈటీ అంటే వ్యాయామోపాధ్యాయుడు. ఊళ్ళో అందరూ డ్రిల్లు మాస్టారు అనే పిలిచేవారు. పిల్లలకి ఆటలు నేర్పడం ఉద్యోగం. వేసవిలో మా ఊళ్ళో జరిగే ఫుట్‌బాల్ టోర్నమెంటుకి సెక్రటరీగా ఉండడం నా సొంత పిచ్చి.

సెక్రటరీ పనంటే బయటివాళ్ళకి పెద్దగా కనబడదు. ఏ జట్టు ఎవరితో ఎప్పుడు ఆడాలో ఫిక్స్చర్ వెయ్యాలి. గ్రౌండులో సున్నపు గీతలు గీయించాలి. రిఫరీలకి పడకలు, జట్లకి భోజనాలు చూడాలి. అన్నిటికంటే పెద్ద పని అలిగినవాళ్ళని బతిమాలడం. ఈ చివరి పనిలో నాకు చాలా పేరుండేది. ఏ తగువైనా ఇద్దరికీ నొప్పి తగలకుండా సర్దేస్తానని నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి. ఆ గర్వం ఎలా దిగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ ఏడాది జిల్లా సంఘం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే పెద్ద సంఘం దేశ సంఘానికి రాసిందట. దేశం రాష్ట్రానికి, రాష్ట్రం జిల్లాకి, జిల్లా మాకు పంపాయి. దారిపొడుగునా తలో సంతకం, తలో ముద్ర. విషయం మటుకు ఒక్కటే. జాతివివక్షకు ఆటలో చోటు లేదని గ్రౌండులో బ్యానరు కట్టాలి. సెమీఫైనల్స్ ముందు రెండు జట్ల కెప్టెన్లూ మైకులో ఆ మేరకు ప్రతిజ్ఞ చదవాలి.

కమిటీ ప్రెసిడెంటు సత్తిరాజు గారు ఆ కాయితాన్ని రెండుసార్లు చదివేరు. కొబ్బరితోటల ఆసామి, చెయ్యి పెద్దది, మనసూ మంచిదే.

"ఇదేంటండి మాస్టారూ, మన ఊళ్ళో తెల్లోళ్ళు ఎక్కడున్నారండి? అందరం నలుపే కదా! మనకెందుకండి ఈ బ్యానరు?" అన్నారు.

"పైనుంచి వచ్చిందండి, కట్టేద్దాం. మనదేం పోయింది" అన్నాను నేను.

అలాగని ఆయనకి ఆ సంగతి పట్టదని కాదు. ఎక్కడో విదేశంలో ప్రేక్షకులు నల్ల ఆటగాణ్ణి వెక్కిరిస్తే జట్టు మొత్తం ఆట వదిలేసి బయటికి నడిచిందని ఆ మధ్య పేపర్లో పడింది. లైబ్రరీ అరుగు మీద ఆ వార్త పైకి చదివి, "మగాళ్ళంటే వాళ్ళండీ" అని తొడ చరిచేరు. పక్కనే ఉండి నేనూ తలూపాను.

సెమీఫైనల్లో ఒక జట్టు అమలాపురం కాలేజీ కుర్రాళ్ళది. రెండోది మా ఊరి పేట జట్టు. పేట అంటే కాలువ అవతల, చర్చి చుట్టూ ఉన్న ఇళ్ళు. తాతల కాలంలో వాళ్ళంతా ఊరివాళ్ళ పొలాల్లో కూలికి వెళ్ళేవారు. చర్చి బడి వచ్చాక చదువులు పట్టుకుని టీచర్లూ నర్సులూ గుమాస్తాలూ అయ్యారు. ఆ జట్టు కెప్టెన్ ప్రభుదాస్ నా దగ్గర చదువుకున్నవాడే. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. ఎడమకాలితో కార్నర్ కొడితే బంతి వంపు తిరిగి గోలుముందు వాలేది. వాడంటే నాకు ప్రాణం. దాచుకోవడం దేనికి, నా కొడుకు కూడా అంత బాగా ఆడడు.

వాడికి ఆ ఏడాది చాలా ముఖ్యం. పై నెలలో జిల్లా జట్టు ఎంపిక ఉంది. జిల్లాకి ఆడిన సర్టిఫికెట్ ఉంటే క్రీడా కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వయసు ప్రకారం వాడికి అదే ఆఖరి అవకాశం.

మామూలుగా మా టోర్నమెంటులో హాఫ్‌టైముకి తలో కొబ్బరిబొండం ఇచ్చేవాళ్ళం. బొండంతో ఒక సుఖముంది. ఎవరి బొండం వాళ్ళది, గ్లాసు గొడవ లేదు. మా సమానత్వం అన్నాళ్ళూ బొండాల మీద నడిచిందని అప్పట్లో నాకు తట్టలేదు. ఆ వారం చెట్టెక్కి దింపు తీసేవాళ్ళు దొరకలేదు. సత్తిరాజు గారు తమ ఇంటి నుంచి నిమ్మకాయ నీళ్ళు పంపిస్తానన్నారు. గ్లాసుల కోసం నేను వాళ్ళింటికి వెళితే, వాళ్ళమ్మగారు పేర్లు చెక్కిన స్టీలు గ్లాసులు ఒక పెద్ద గంపలో పెట్టించారు. పెట్టిస్తూ, గొంతు తగ్గించి, "ఆ పేటవాళ్ళకి వేరే ఏదన్నా చూడు బాబూ" అన్నారు.

"ఆయ్, నేను చూసుకుంటానండి" అన్నాను.

అక్కడ నా సర్దుబాటు బుద్ధి పనిచేసింది. పెద్దావిడ నొచ్చుకోకూడదు, పేట కుర్రాళ్ళకి తెలియకూడదు. రాజోలు వెళ్ళి తెల్లటి కొత్త ప్లాస్టిక్ గ్లాసులు కొన్నాను. అప్పుడప్పుడే పెళ్ళిళ్ళలో వాటి వాడకం మొదలైంది. స్టీలు కంటే అవే గౌరవం అని నాకు నేను చెప్పుకున్నాను. నాకు స్వయంగా అలాంటి పట్టింపుల్లేవు, ప్రభుదాస్ ఇంట్లో ఎన్నిసార్లు టీ తాగలేదు? అలాంటి నేను చేసిన ఏర్పాటులో తప్పుంటుందని అనుమానం కూడా రాలేదు.

సెమీఫైనల్ మొదలయ్యే ముందు ఇద్దరు కెప్టెన్లూ గ్రౌండు మధ్యకి వచ్చి ప్రతిజ్ఞ చదివారు. కాలేజీ కుర్రాడు తడబడ్డాడు. ప్రభుదాస్ మాత్రం పాఠం చెప్పినట్టు, ఒక్కో మాటా ఆపి ఆపి చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. హాఫ్‌టైముకి చెరో గోలు.

రెండు పళ్ళేలు వచ్చాయి. కాలేజీవాళ్ళ పళ్ళెంలో స్టీలు గ్లాసులు, పేటవాళ్ళ పళ్ళెంలో ప్లాస్టిక్‌వి. ప్రభుదాస్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. అవతలి జట్టు వైపు చూశాడు. మళ్ళీ తన చేతిలో గ్లాసు చూసుకున్నాడు.

"మాస్టారూ, వాళ్ళకి స్టీలూ మాకు ప్లాస్టిక్కూ ఎందుకండి?"

"కొత్తవిరా, శుభ్రమైనవి. ఎవరూ ముట్టుకోనివి" అన్నాను.

"అంత శుభ్రమైనవైతే వాళ్ళకీ ఇవ్వాల్సిందండి."

వాడు కేకలు వెయ్యలేదు. గ్లాసు ఒలక్కుండా పళ్ళెంలో పెట్టి, "ఇందాకా మైకులో నాచేత చదివించింది దేని గురించండి మరి?" అని అడిగాడు. తర్వాత జట్టుని తీసుకుని గీత అవతలికి వెళ్ళి కూర్చున్నాడు. పదకొండుమందీ బూట్లు విప్పేశారు. ఏ ఒక్కరూ మళ్ళీ గీత దాటి లోపలికి రాలేదు. రిఫరీ రెండుసార్లు విజిలేశారు, దగ్గరికెళ్ళి హెచ్చరించారు, చివరికి ఆట నిలిపేశారు.

సత్తిరాజు గారి మొహం కందిపోయింది. "చూసేరా మాస్టారూ, ఆటలోకి రాజకీయాలు తెస్తన్నారు" అన్నారు. లైబ్రరీ అరుగు మీద తొడ చరిచింది ఈయనేనా అనిపించింది. కానీ ఆ మాట ఆయనతో అనలేదు. అనడానికి నాకు మాత్రం ఏం మొహం ఉంది?

ఇక అసలు చిక్కు. ఆట మధ్యలో ఆగితే సెక్రటరీ జిల్లా సంఘానికి రిపోర్టు రాయాలి. దాని మీద ఇద్దరు కెప్టెన్ల సంతకాలూ ఉండాలి. జట్టు తనంతట తాను ఆట వదిలేసిందని రాస్తే అది వాకోవర్. అంటే అవతలి జట్టు ఆడకుండానే గెలిచినట్టు. పైగా ఆట వదిలేసిన జట్టు మీద సస్పెన్షన్ పడుతుంది. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళు జిల్లా ఎంపికకి వెళ్ళడానికి లేదు.

మర్నాడు పొద్దున్నే సత్తిరాజు గారు మా ఇంటికొచ్చారు. కోపం దిగిపోయి దిగులు పడుతున్నారు. "కుర్రాడి బతుకు పాడైపోద్దండి. వాన పడి ఆట ఆగిందని రాసెయ్యండి. మళ్ళీ ఆడిద్దాం. రిఫరీ గారిని నేను ఒప్పిస్తాను" అన్నారు.

మే నెల. ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. అయినా ఆ ఉపాయం నాకు అమృతంలా తోచింది. ప్రభుదాస్‌కి శిక్ష ఉండదు, పెద్దావిడ పేరు రాదు, నా గ్లాసుల సంగతి అసలే రాదు. అందరూ క్షేమం. చక్కటి దస్తూరీతో వాన కురిపించి, సంతకం కోసం పేటకి సైకిలెక్కాను.

ప్రభుదాస్ తల్లి ఎప్పట్లాగే కుర్చీ వేసింది. వాడు కాయితం చదివి మడిచి నా చేతికిచ్చాడు.

"వాన పడలేదు కదండీ."

"పడలేదని నాకు తెలీదా? నీకోసమేరా. ఇది నీ ఆఖరి ఛాన్సు."

"తెలుసండి." అన్నాడు. "నాకూ బెంగగానే ఉందండి. రాత్రంతా అదే ఆలోచన. కానీ వాన అని రాస్తే, మేం ఎందుకు కూచున్నామో ఆ కాయితంలో ఉండదు కదండీ. నాలుగేళ్ళు పోతే మాకే అనుమానం వస్తాది, నిజంగా వానేమో అని."

తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. సంతకం పెట్టెయ్యమని చెబుతుందేమోనని ఆశగా చూశాను. "ఆడి ఇష్టమండి మాస్టారూ" అని లోపలికి వెళ్ళిపోయింది. ఏడుపు ఆపుకుంటోందని వెనక నుంచే తెలిసింది.

ఇంటికొచ్చి రిపోర్టు మళ్ళీ రాశాను. ఒక జట్టుకి స్టీలు గ్లాసులు, రెండో జట్టుకి ప్లాస్టిక్ గ్లాసులు ఇచ్చామనీ, ఆ ఏర్పాటు చేసింది సెక్రటరీ అయిన నేనేననీ, దానికి నిరసనగా జట్టు ఆట ఆపిందనీ రాశాను. మూడే వాక్యాలు. రాయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఇద్దరు కెప్టెన్లూ సంతకం పెట్టారు. కాలేజీ కుర్రాడైతే, "మేం చూసుకోకుండా తాగేసేం సార్" అని తలదించుకున్నాడు.

వారం తిరక్కుండా కాకినాడ నుంచి పిలుపొచ్చింది. నేనూ ప్రభుదాసూ సత్తిరాజు గారూ వెళ్ళాం. జిల్లా సెక్రటరీ నెమ్మదస్తుడు. కుర్చీలేయించి, టీలు తెప్పించి, "మాస్టారూ, ఇదంతా ఎందుకండి? 'అనివార్య కారణాల వల్ల' అని ఒక్క ముక్క రాసుకుందాం. అందరికీ బావుంటాది" అన్నారు.

ప్రభుదాస్ లేచి నిలబడ్డాడు. "పైనుంచి కిందికి సర్క్యులర్ వచ్చింది కదండీ. కిందనుంచి పైకి ఈ కాయితం కూడా వెళ్ళాలి కదండీ. దయచేసి ఒకసారి పైకి చదవండి" అన్నాడు.

ఆయన చదవక తప్పలేదు. అప్పుడు సత్తిరాజు గారు గొంతు సవరించుకున్నారు. ఈయనిప్పుడు ఏం కొంప ముంచుతారోనని హడలిపోయాను.

"మాస్టారు అంతా ఆయన నెత్తినే వేసుకున్నారండి. ఆ స్టీలు గ్లాసులు మాయి. వేరేవి చూడమంది మా అమ్మ. పక్క గదిలోనే ఉన్నాను, విన్నాను. వద్దని అనలేదు. అది కూడా రాయండి" అన్నారు. నా పాతికేళ్ళ పరిచయంలో ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

రాశారు. రాసినా రూలు రూలే అన్నారు. పేట జట్టుకి ఆరునెలల సస్పెన్షన్. నన్ను సెక్రటరీ పదవి నుంచి తీసేశారు. రిపోర్టు రాష్ట్రానికి పంపిస్తామని చెప్పారు. పంపారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రభుదాస్ జిల్లాకి ఆడలేదు. ఆ తర్వాత రెండేళ్ళకి డీఎస్సీ రాసి, కోటాతో పనిలేకుండా గవర్నమెంటు టీచరయ్యాడు. అయినా ఆ ఎడమకాలు జిల్లా జెర్సీ వేసుకోకపోవడం నన్ను ఇవాళ్టికీ బాధిస్తుంది.

తిరుగు ప్రయాణంలో బస్సు రామచంద్రపురంలో పావుగంట ఆగింది. సత్తిరాజు గారు ముందు సీట్లో కునుకు తీస్తున్నారు. ప్రభుదాస్ నా పక్కన కూర్చున్నాడు. నిజం రాశాను, పదవి పోగొట్టుకున్నాను, ఇక నా వంతు తీరిపోయిందని లోపల కొంచెం తేలిగ్గా ఉంది.

"మాస్టారూ, ఒక మాట అడగనా అండి?" అన్నాడు. "ఆ గ్లాసులు కొనేముందు నన్ను ఒక్కసారి అడగలేకపోయారా అండి?"

"ఏమని అడగనురా? మీకు వేరే గ్లాసులు పెడతాను, తాగుతారా అని నీ మొహమ్మీద ఎలా అడగను?"

"అడగలేరు కదండీ" అన్నాడు వాడు, ఎంతో మెత్తగా. "నన్ను అడగలేని పని, నాకెలా చేసేరండి?"

బస్సు కదిలింది. ఆ తర్వాత ఇంకో పన్నెండేళ్ళు ఉద్యోగం చేశాను. ఎన్నో జట్లకీ ఎంతోమంది పిల్లలకీ ఏర్పాట్లు చేశాను. ప్రతిసారీ ఆ ఏర్పాటు ఎవరికోసమో వాళ్ళ ఎదుట నిలబడి, ఇలా చేస్తున్నానని చెప్పి చూసేవాణ్ణి. చెప్పడానికి నోరు రాకపోతే, ఆ పని మానేసేవాణ్ణి.