కలాకంద్ తిన్నంత మాత్రాన

లతీఫా కోపం ఎంతుందో బూర్గంపాడులో ఆమె మొహం చూసి ఎవరూ చెప్పరు. మిషన్ మోత విని చెబుతారు. మామూలు రోజుల్లో ఆమె కుట్టు మిషన్ ఆగుతూ, సాగుతూ, మధ్యలో కబుర్లు వింటూ నడుస్తుంది. కోపం వచ్చిన రోజున మాత్రం వంతెన ఎక్కిన లారీలా ఒకటే మోత. ఒకసారి ఆ మోత గోదావరి దాటి భద్రాచలం దాకా వినపడి, అక్కడి జనం ఉరుములనుకుని ఆరబోసిన మిరపకాయలు ఎత్తేశారని జానీ మియా చెబుతాడు. జానీ మియా ఆమె భర్త. ఆయన చెప్పేదాంట్లో పావు వంతు నమ్మితే చాలు.

ఆయన భద్రాచలం నుంచి పర్ణశాలకు ఆటో తోలుతాడు. దారి పొడవునా యాత్రికులకు కథలు చెబుతాడు. ఫలానా మలుపులో ఒక ఎలుగుబంటి ఉందని, అది తన హారన్ గుర్తుపట్టి పక్కకు తప్పుకుంటుందని, మిగతా ఆటోలవాళ్లకు ఆ మర్యాద లేదని చెప్పి నమ్మిస్తాడు. లతీఫా జాకెట్లు కుడుతుంది. కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదలకుండా ఏ జాకెట్టూ ఆమె చేతి నుంచి బయటికి పోదు. బిగుతుగా కావాలని పెళ్లికూతుళ్లు పోరినా వినదు. "ఇయ్యాల ఉన్నట్టు ఒళ్లు రేపుంటదా? బువ్వ తినాలె, ఊపిరి తీసుకోవాలె, పిల్లల్ని కనాలె. దేనికి జాగా లేకుంటే ఎట్ల?" అని కసురుతుంది.

ఈ పని ఆమె ఖమ్మంలో నేర్చుకుంది. పెళ్లయిన కొత్తలో అక్కడ కుట్టు శిక్షణలో చోటు దొరికింది. చంకలో పిల్లవాడు. ఇంటి ఆడది ఊరు దాటి హాస్టల్లో ఉండడమేంటని ఇరువైపుల చుట్టాలూ ఎగిరారు. జానీ మియా మాత్రం, "నువ్వు పో. పిల్లగాణ్ణి నేను చూసుకుంట. అన్నం నేనే వండుకుంట" అన్నాడు. వండాడు కూడా. ఇంట్లో మాడని గిన్నె మిగల్లేదు. ఆమె తిరిగొచ్చేసరికి ఆయన చిక్కి సగమయ్యాడు, పిల్లవాడు గంజి తాగి తాగి గుండ్రాయిలా తయారయ్యాడు. నువ్వు లేకపోతే చచ్చిపోతానని ఆయన ఆ రోజూ అనలేదు, నలభై ఏళ్లలో ఏ రోజూ అనలేదు. అడుగు నల్లబడ్డ గిన్నెల్లో ఒకదాన్ని లతీఫా ఇప్పటికీ పారేయలేదు. అందులో బొత్తాలు పోసుకుంటుంది.

అప్పుడు గంజి తాగిన పిల్లవాడు ఇప్పుడు లారీ డ్రైవరు. భార్యతో నాగపూర్‌లో ఉంటున్నాడు. చదువు చెడకూడదని కూతురు జెబాను నాయనమ్మ లతీఫా దగ్గరే ఉంచాడు. జెబాకు పదిహేడేళ్లు. ఇంటర్ అయిపోయింది, ఖమ్మంలో నర్సింగ్ సీటు వచ్చింది. సోమవారం వెళ్లి చేరాలి. హాస్టల్ కోసం కొత్త బకెట్ కొని, దాని మీద గోళ్ల రంగుతో పేరు కూడా రాసుకుంది.

శుక్రవారం లతీఫా లైనింగ్ గుడ్డ, దారం కొనడానికి భద్రాచలం వెళ్లింది. సాయంత్రం బూర్గంపాడులో దిగగానే టీ కొట్టువాడు గ్లాసు పైకెత్తి, "ముబారక్ ఆపా!" అని కేకేశాడు. ఆమె దేనికని అడగలేదు. నడక వేగం పెంచింది. మూల మీద పండ్లమ్మే అమ్మాయి కూడా ముబారక్ అంది. ఇంటి గుమ్మం ఎక్కేసరికి జానీ మియా మంచం మీద అటు తిరిగి పడుకుని గురక పెడుతున్నాడు. నిజంగా నిద్రపోతే ఆయన గురక పెట్టడు.

"మియా, ఏం తిన్నవ్?"

"ఏం తినలే."

"మీసానికి ఏంది గది?"

ఆయన చేతితో తుడుచుకుని, చెయ్యి చూసుకుని, దాన్ని కూడా నాకేశాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు. "అబూబకర్ వచ్చిండు. నేను వద్దన్న. కళ్లు గూడ మూసుకున్న. వాడు డబ్బా మూత తీసిండు, వాసన ముక్కుల జొచ్చింది. కలాకంద్, లతీఫా! పైన పిస్తా గూడ ఉన్నది."

జానీ మియాకు షుగర్. ఇంట్లో బెల్లం, చక్కెర లతీఫా తాళం వేసి పెడుతుంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, సెల్‌ఫోన్ల దుకాణం అబూబకర్‌కు మరీ బాగా తెలుసు. వాళ్ల ఆచారం ప్రకారం పిల్లవాడి తరఫువాళ్లు మిఠాయి తెచ్చి పిల్ల ఇంటి పెద్ద నోటికి అందిస్తే, ఆ పెద్ద తింటే, సంబంధం ఒప్పుకున్నట్టే. నోరు తీపి అయిందంటే మాట పడినట్టే. కాగితం అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు.

"ఎన్ని తిన్నవ్?"

"మూడు."

"మూడు ముక్కలకు నా మనవరాలిని ఇచ్చినవ్!"

"మొదటి ముక్కకే ఇచ్చిన," అన్నాడాయన నిజాయితీగా. "తర్వాతి రెండు ఉత్తగనే తిన్న."

లతీఫా చేతిలోని దారం ఉండలు ఆయన మీదకు ఒక్కొక్కటే వచ్చాయి. తెల్లది, ఎర్రది, నీలంది. ఆయన మంచం కిందకు దూరి అక్కడి నుంచి, "పిల్ల గూడ ఊకొట్టింది లతీఫా, పిల్లనే అడుగు," అన్నాడు.

అడిగితే, ఆ మాట నిజమే. జెబా లోపలి గదిలో కొత్త బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా ఉంది.

"నేను ఖమ్మం పోను దాదీ. ఉబేద్ నిన్నటి సంది ఏం తింటలేడు. నేను పోతే వాడు బతకడు."

ఉబేద్ అబూబకర్ అన్న కొడుకు. చిన్నాన్న దుకాణంలోనే ఫోన్లు బాగుచేస్తాడు. పంతొమ్మిదేళ్లుంటాయి. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి నిరుడు వానాకాలంలో చనిపోయింది. జెబాతో స్నేహం ఆ రోజుల్లోనే కలిసింది.

"బతకడని ఎవరన్నరు?"

"వాడే అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? ప్రేమంటే గట్లనే ఉంటది. మృదుల హాల్ టికెట్ చింపేయలేదా?"

ఈ మృదుల ఎవరో లతీఫాకు గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది. సోమ్లి అనే పిల్ల తండా నుంచి వచ్చి ఆమె దగ్గర హుక్కులు, కాజాలు కుడుతుంది. కుడుతున్నంతసేపూ ఫోన్‌లో ఒక సీరియల్ వినిపిస్తూ ఉంటుంది. అవినాష్, మృదుల అని ఇద్దరు ఇంటర్ పిల్లల ప్రేమకథ. మృదుల లేకపోతే అవినాష్‌కు అన్నం దిగదు, నిద్ర రాదు, పుస్తకం తెరవబుద్ధి కాదు. మృదుల స్నేహితురాలితో ఐస్‌క్రీం తింటే వాడు చెయ్యి గోడకేసి కొట్టుకుంటాడు. ఆమె ఏడుస్తూ కట్టు కడుతుంది. వెనక వయొలిన్ మోగుతుంది. మొన్నటి భాగంలో పెద్ద పరీక్ష రోజున మృదుల హాల్ టికెట్ చింపి ఆ ముక్కలు అవినాష్ చేతిలో పోసింది. సోమ్లి కళ్ల నీళ్లతో ఒక జాకెట్టుకు హుక్కులన్నీ తలకిందులుగా కుట్టింది. లతీఫా ఆ కథ ఎప్పుడూ చెవిన పెట్టలేదు. వయొలిన్ మోగినప్పుడల్లా ఆ ఆడపిల్లకు ఏదో ఒకటి పోతోందని మాత్రం గమనించింది.

మర్నాడు పొద్దున మిషన్ మోత మొదలైంది. సోమ్లి వచ్చి మోత విని, చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరగబోయింది.

"కూసో!" అంది లతీఫా. "ఆ కథ పెట్టు. ఇయ్యాల నేను గూడ వింట."

సోమ్లి భయం భయంగా ఫోన్ నొక్కింది. జెబా కూడా వచ్చి కూర్చుంది, ముగ్గురూ విన్నారు. గడప దగ్గర జానీ మియా కూడా విన్నాడు. అవినాష్ మృదుల ఫోన్ తీసుకుని, అందులోని పేర్లన్నీ తుడిచేసి, "ఇక మన మధ్య ఎవరూ లేరు" అన్నాడు. వయొలిన్ మోగింది. సోమ్లి నిట్టూర్చింది.

మిషన్ ఆగింది.

"ఇది ప్రేమనా?" అంది లతీఫా. "ఆ పిల్లకు అమ్మ లేదా, దోస్తు లేదా, రేపు కడుపునొస్తే ఫోన్ జేసేటందుకు ఒక్క నంబరన్న ఉండొద్దా?"

"వాడికి ఆమె తప్ప ఎవరూ లేరు కదమ్మా," అంది సోమ్లి. "అంత ఇష్టం."

"ఇష్టమా? మునిగేటోడు పక్కనోని మెడ పట్టుకుంటడు. వాడికి ఆ మెడ మీద ఇష్టమున్నట్టా?"

"మీ కాలం వేరు దాదీ," అంది జెబా. "దాదాకు నీ మీద గంత ప్రేమ లేకుండె. నువ్వు ఖమ్మం పోతే ఊకున్నడు."

లతీఫా మొహం నల్లబడింది. బొత్తాల గిన్నెను దగ్గరికి లాక్కుంది. మాట జానీ మియా అందుకున్నాడు.

"ఆ కథ చివర మీకు తెలవదు. నాకు తెలుసు. ఆ ఇద్దరూ మొన్న నా ఆటోల పర్ణశాల వచ్చిండ్రు. పెళ్లయి ఇరవై ఏండ్లయిందట. ఆమె పక్కగదిలకు పోతే ఈయనకు ఊపిరాడదు. అందుకని ఇంట్ల గోడలన్నీ కూలగొట్టిండు. ఆమె కోళ్లను సాదితే, కోళ్ల దిక్కు చూస్తున్నవని ఏడ్చిండు. కోళ్లన్నిటినీ అమ్మేసింది. ఆమె దొడ్డికి పోతే తలుపు బయట గొడుగు పట్టుకుని నిలబడి పాట పాడుతడు, లోపల ఆమె చరణం అందుకోకుంటే తలుపు గుద్దుతడు. నది ఒడ్డున దిగంగనే ఆమె నా చెవుల మెల్లగ అడిగింది, అన్నా, ఎలుగుబంటి ఉండే మలుపు ఏది, నేనక్కడ దిగిపోత అని."

సోమ్లి పడీపడీ నవ్వింది. జెబా నవ్వలేదు. కానీ ఫోన్ మోగి ఉబేద్ పేరు కనపడితే, మొదటిసారి వెంటనే ఎత్తలేదు. అది మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. మళ్లీ. మళ్లీ.

లతీఫా లేచింది. "మియా, ఆటో తియ్యి. భద్రాచలం పోయి, అదే దుకాణంల అదే కలాకంద్ మూడు ముక్కలు పట్టుకరా. వాడు తెచ్చిన డబ్బా నిండుగ వాపసిస్త. జెబా, నువ్వు గూడ నడువు. మాట నీది. నీ నోటితోని చెప్పు, ఉంటనంటే ఉండు, పోతనంటే పో. కాని వాని ముందట చెప్పు."

మధ్యాహ్నానికి ముగ్గురూ అబూబకర్ దుకాణం ముందు దిగారు. అబూబకర్ నవ్వుతూ కుర్చీలు వేశాడు. లతీఫా కూర్చోలేదు. డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసింది. నిండుగా ఉండాల్సిన డబ్బాలో ఒక ముక్క జాగా ఖాళీగా ఉంది.

ఆమె భర్త వైపు తిరిగింది.

"ఎలుగుబంటి," అన్నాడు జానీ మియా మీసం తుడుచుకుంటూ. "మలుపుల ఆపింది."

"నీ సంగతి ఇంట్ల చెప్త," అని ఆమె అబూబకర్ మీదకు తిరిగింది. "షుగర్ మనిషికి మిఠాయి చూపించి మాట తీసుకుంటవా? సిగ్గుండాలె! నేను ఇంట్ల లేని టైం చూసుకుని వస్తవా?"

"ఆపా, కోపం జెయ్యకు. నిఖా ఇప్పుడే అంటలేను. పిల్లకు పద్దెనిమిది నిండనీ. మాటొకటి ఉంటే వీడు నిమ్మళంగ ఉంటడు. తల్లి పోయిన కాన్నుంచి పిచ్చోడయిండు. జెబా మాట్లాడితేనే నవ్వుతుండు, జెబా తినుమంటేనే తింటుండు. మేం ఏం జెయ్యాలె చెప్పు?"

"వాడు నిమ్మళంగ ఉండేటందుకు మా పిల్ల చదువు మానాలెనా? నా మనవరాలు ఏమన్న దవాఖానానా, మీవోణ్ణి తెచ్చి పండబెట్టనీకి? వానికి కావాల్సింది తల్లి. మీరు పెళ్లాన్ని చూస్తున్నరు!"

దుకాణం వెనక తెర కదిలింది. ఉబేద్ బయటికి వచ్చాడు. లతీఫా వాణ్ణి కూడా నాలుగు దులపాలని సిద్ధంగా ఉంది. తీరా చూస్తే వాడి పెదవులు పగిలి ఉన్నాయి, కళ్లు లోపలికి పోయాయి. తినలేదన్నది దొంగమాట కాదు. అది చూసి ఆమె కోపం తగ్గలేదు, రెండింతలైంది. ఇంతమంది పెద్దవాళ్లున్న ఇంట్లో పిల్లవాడు పస్తుంటే, పళ్లెం పెట్టాల్సింది పోయి మిఠాయి డబ్బా కొన్నారా అని.

ఉబేద్ ఇంకెవరినీ చూడలేదు. "జెబా, ఫోన్ ఎందుకు ఎత్తలే? పదిసార్లు జేసిన. ఎవరితోని ఉన్నవ్?"

జెబా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఉబేద్, ఒక్కటి అడుగుత. నేను నర్సు ఎందుకు కావాలనుకున్ననో నీకు తెలుసా?"

"అదిప్పుడెందుకు?"

"చెప్పు."

"జీతం మంచిగ వస్తదనా?"

"మీ అమ్మీ దవాఖానాల ఉన్నప్పుడు ఒక సిస్టర్ ఉండె. అమ్మీకి తల దువ్వి జడేసింది. ఎవరూ చెప్పకున్నా వేసింది. అమ్మీ అద్దం అడిగి చూసుకుని నవ్వింది. నేను అక్కడనే ఉన్న. ఆ రోజు అనుకున్న. నీకు చెప్పిన గూడ. శానాసేపు చెప్పిన. అంతా విని నువ్వేమన్నవో తెలుసా? 'నన్ను ఇడిచి పోవు కద' అన్నవ్."

"నాకు యాది లేదు."

"నాకుంది!" జెబా గొంతు లేచింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. "నేను లేకుంటే నువ్వేమైతవో రోజూ చెప్తవ్. నువ్వు చెప్పినట్టు ఉంటే నేనేమైతనో ఒక్కసారన్న అడిగినవా? తిన్నవా అని నేనే అడగాలె, పన్నవా అని నేనే అడగాలె. నేను తిన్ననో లేదో నీకు తెలుసా? నిన్నటి సంది నేను గూడ తినలే!"

ఈ ముక్క లతీఫాకూ తెలియదు.

"సోమవారం పోతున్న," అంది జెబా. "మాట గీట ఏం లేదు. దాదా తిన్నది దాదాకే. ఫోన్ జెయ్యకు. నాకు అనిపిస్తే నేనే చేస్త."

ఉబేద్ బల్ల పట్టుకుని కింద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అబూబకర్ ఏం చేయాలో తెలియక కలాకంద్ ముక్క తీసి వాడి నోటికి అందించబోయాడు. లతీఫా ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది. "ఖాళీ కడుపుల మిఠాయి పెడతవా? అన్నం పెట్టు ముందు!"

జెబా ఖమ్మం వెళ్లింది. బకెట్ ఆటోలో తాతయ్య కాళ్ల దగ్గర కూర్చుంది. లతీఫా ఆ రోజు ఒక్క జాకెట్టూ కుట్టలేదు, అయినా మిషన్ తొక్కుతూనే ఉంది. సోమ్లి ఇయర్‌ఫోన్ పెట్టుకుని సీరియల్ వింటూ అప్పుడప్పుడు, "వీడికి ఏం రోగమే!" అని అవినాష్‌ను తిట్టడం మొదలుపెట్టింది. వినడం మాత్రం మానలేదు.

మధ్యాహ్నాలు ఉబేద్ లతీఫా గడపలో కూర్చుంటున్నాడు. ఆమే రమ్మంది. రమ్మన్న మాట కూడా తిట్టినట్టే ఉంది: "రేపటి సంది బువ్వకు మా ఇంటికి రా. జెబా ఉండదు. నేనే ఉంట. నచ్చితే రా, లేకుంటే పో." మొదటి రోజు వాడు మెతుకులు లెక్కపెట్టాడు. రెండో రోజు పళ్లెం వైపు చూడకుండా, "జెబా ఫోన్ జేసిందా దాదీ?" అన్నాడు.

"చేసింది."

"నా గురించి అడిగిందా?"

"అడగలే."

జానీ మియా గతుక్కుమని భార్యను చూశాడు. కాస్త అబద్ధం చెప్తే నీ సొమ్మేం పోయింది అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. ఆమె పట్టించుకోలేదు. గరిట పట్టుకుని అలాగే నిలబడింది. ఉబేద్ తల వంచుకుని చాలాసేపు పళ్లెంలో వేలితో గీతలు గీశాడు. తర్వాత ఒక ముద్ద కలిపాడు. ఇంకొకటి కలిపాడు.

"పప్పు కొంచెం వెయ్యి దాదీ," అన్నాడు.

"ఉప్పు సరిపోయిందా?" అని గద్దించింది లతీఫా.

"తక్కువైంది."

"అది నువ్వే చెప్పాలె మరి. నోరు లేదా?" అంటూ ఆమె ఉప్పు డబ్బా తెచ్చి వాడి ముందు ఠక్కున పెట్టింది.