ఏ బీటకు భయపడాలి

మా పక్కింటి ఇంజినీరు గారు పోయారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటే మా కోడలు గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పింది. పొద్దున కాఫీ తాగి, కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయారట. నాకు ముందుగా వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇక మా ఇంటి బీటలు ఎవరు చూస్తారు?

ఆయన కాలువల మీద వంతెనలు కట్టించి రిటైరయిన మనిషి. నేను నాలుగో తరగతిలో బడి మానేసి, దేన్ని చూసినా బెంగ పెట్టుకునే మనిషిని. రెండేళ్ల కిందట మా నడిమింటి శ్లాబుకు బీట కనిపించింది. దాని కిందే మనవలు పడుకునేవారు. వాళ్ల మంచాన్ని వెనక వరండాలోకి లాగించేసి, ఆయన్ను పిలిపించాను.

"మా అత్తయ్యగారికి ఇల్లు కూలకపోతే తోచదండి," అంది కోడలు, స్టూలు వేస్తూ.

ఆయన స్టూలెక్కి, జేబులోంచి గీతలున్న చిన్న ప్లాస్టిక్ కార్డు తీసి బీటకు ఆనించి చూశారు.

"కాంక్రీటన్నాక బీటలిస్తుందండి, అక్కయ్యగారూ. ఎంత వరకూ ఒప్పుకోవచ్చనేదే లెక్క. ఇంటి లోపల పాయింట్ మూడు మిల్లీమీటర్ల దాకా పరవాలేదు. ఇది అంత కూడా లేదు."

"అంటే ఎంతండి?"

"మూడు నాలుగు వెంట్రుకలు పక్కపక్కన పెడితే ఎంతో, అంత."

అక్కడికక్కడే నాలుగు వెంట్రుకలు పీకి చూసుకున్నాను. "నల్లవైనా తెల్లవైనా ఒకటేనాండీ?" అంటే అప్పుడు నవ్వారు.

చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే వరండా కప్పు కేసి చూస్తూ నిలబడ్డారు. అక్కడి బీట లోపలిదాంట్లో సగం కూడా ఉండదు. దాని వెంట గోధుమరంగు మరక. ఏటా క్రిస్మస్‌కు సున్నం వేయించి నేనే ఆ మరకను కప్పేసేదాన్ని.

"ఈ మంచం ఎవరిదండీ?"

"పిల్లలదండి. భయమేసి లోపల్నుంచి నేనే..."

"ముందు ఇది తీయించండి. ఇప్పుడే!" ఆయన గొంతు పెరగడం ఆ ఒక్కసారే విన్నాను. "లోపల ఊచ తుప్పు పట్టి కాంక్రీటును తోసేస్తోందండి. తడి తగిలే చోట వెడల్పొకటే చూస్తే చాలదు. మీరు సున్నం కొట్టేస్తే ఎవరికి కనపడుతుంది?"

మంచానికి ఓ కొస ఆయనే పట్టుకున్నారు. వారంలో ఆ కప్పు దింపించారు. మేస్త్రి సుత్తి తగలగానే పెచ్చు ఊడిపడింది. లోపల ఊచలు చీపురు పుల్లల్లా ఉన్నాయి.

"మీరు భయపడ్డం మంచిదేనండి," అన్నారాయన. "దేనికి భయపడాలో మాత్రం నన్నడగండి."

అప్పట్నుంచి వాన పడినప్పుడల్లా అడిగాను. పిలిచిన ప్రతిసారీ వచ్చారు. "ఇది పెయింటు పగులండి," "ఇది సాలెగూడండి, అక్కయ్యగారూ" అని చెప్పి, టీ తాగి వెళ్లేవారు. ఒక్కనాడూ విసుక్కోలేదు.

ఈ ఆదివారం ఆయన్ను వాళ్లింటి ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర కూర్చున్నాక, అలవాటు కొద్దీ పైకి చూశాను. ఫ్యాను కొక్కెం నుంచి గోడ దాకా సన్నని బీట. చటుక్కున పక్కకు జరగబోయాను. ఆయన భార్య నా చూపు గమనించారు.

"ఇల్లు కట్టినప్పటి నుంచీ ఉందండి అది," అన్నారావిడ. "రోజూ మధ్యాహ్నం దాని కిందే నడుం వాల్చేవారు."

జనం వస్తూ పోతూ ఉన్నారు. ఎవరో వాకిట్లో నాకు కుర్చీ వేసి పిలిచారు. నేను లేవలేదు. ఆయన్ను తీసుకెళ్లేదాకా ఆ బీట కిందే కూర్చున్నాను.