నులక మంచంలా బిగించిన చైను

మోటారు సైకిలు చైను బిగించబోయి మనవరాలి పేరు పోగొట్టుకున్నవాళ్ళను మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి.

మా పెద్దమ్మాయికి ఆడపిల్ల పుట్టిన ఏడు. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. పిల్లకు జ్ఞానస్నానం కంకిపాడు చర్చిలో, అల్లుడి ఊళ్ళో. మా రెండు కుటుంబాల్లోనూ ఒక ఆనవాయితీ ఉంది. ఆ వేళ బిడ్డను ఎత్తుకుని నిలబడే జ్ఞానతల్లి పేరే బిడ్డకు పెడతారు. ఎత్తుకోవలసింది నేను. నా పేరు జోజమ్మ. నేను అందుకోలేకపోతే ఎత్తుకోవడానికి మా వియ్యపురాలు ఇన్నాసమ్మగారు సిద్ధంగా ఉన్నారు. ఆవిడ కొత్త చీర కొనుక్కున్నారని కూడా నా చెవిన పడింది. ఊరికే నిలబడి చూసే మనిషికి కొత్త చీర దేనికి? మీరే చెప్పండి.

ట్యాంకులో పెట్రోలు ఉండగా బస్సు టిక్కెట్లు దండగని, భవానీపురం నుంచి మా ఆయన బండి మీదే పోవాలని తీర్మానించాను. ముందురోజు బండిని వీధి చివరి మెకానిక్ సుభానీకి చూపించాం. నేను పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. చూడకపోతే మంచి నట్టు పోయి పాత నట్టు వస్తుందని నా అనుమానం. ఏ నట్టూ మారలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

సుభానీ నన్నొకసారి ఎగాదిగా చూశాడు. "అమ్మగారు ఎక్కుతారు కదండీ, వెనక స్ప్రింగులు ఒక మెట్టు బిగిస్తాను. గతుకుల్లో నడుం పట్టెయ్యకుండా ఉంటది."

"నన్ను చూస్తే స్ప్రింగులు బిగించాలనిపించిందా నీకు? అక్కర్లేదు."

తర్వాత చైనును వేలితో ఎత్తి చూశాడు. బట్టలారేసే తాడులా ఊగింది. అలా ఊగుతుంటే వదిలేసి లేచిపోతున్నాడు.

"అంత వదులుగా ఉందేం?" అన్నాను.

"ఉండాలండి. మీరిద్దరూ ఎక్కితే బండి కిందికి దిగుద్ది. అప్పుడు చైను లాగుద్ది. ఆ వదులు అందుకేనండి."

ఎంత చక్కగా చెప్పాడో. అంత చక్కగా చెప్పేవాళ్ళంటేనే నాకు భయం. వదులుగా ఉంటే దారిలో ఊడుతుంది, ఊడితే మళ్ళీ అతని దగ్గరికే రావాలి. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని, నాకే అర్థమైపోయింది.

ఇంటికి రాగానే మా ఆయన చేత పానా పట్టించాను. నులక మంచం వదులైతే ఏం చేస్తాం? పట్టెకు కాలు తన్నిపెట్టి తాడు లాగుతాం. చైనుకు మాత్రం వేరే శాస్త్రం ఉంటుందా? ఆయన వెనక చక్రం నట్లు వదులు చేస్తే, నేను బండికి కాలు ఆనించి చక్రాన్ని వెనక్కి లాగాను. ఆయన నట్లు బిగించారు.

"చాల్లేవే, ఆ కుర్రాడేదో చెప్పాడుగా" అన్నారు.

"ఆ కుర్రాడు మీకు బావమరిదా?" అన్నాను.

చైనును వేలితో మీటితే తంబూరాలా మోగింది. అప్పటికిగాని నా మనసు కుదుటపడలేదు.

తెల్లవారాక సీటు మీద దుప్పటి మడతపెట్టి దర్జాగా కూర్చున్నాను. బండి కదలగానే మూలగడం మొదలుపెట్టింది. బెంజ్ సర్కిల్ దాటేసరికి ఆ మూలుగు చంటిపిల్ల ఏడుపైంది. ఆయన ఆపి చూస్తానన్నారు. ఆలస్యమైతే అక్కడ కొత్త చీర ముందుకు వస్తుందని ఆపనివ్వలేదు. పోరంకి దాటాక ఒక గొయ్యి. బండి మా ఇద్దరితో కిందికి దిగింది. సుభానీ చెప్పినట్టే చైను లాగింది. సాగడానికి అందులో నేనేం మిగల్చలేదుగా, ఫట్టుమని తెగి, చచ్చిన పాములా రోడ్డు మీద పడింది.

ఆయన మెల్లగా తిరిగి నా వంక చూశారు.

"నా వంక కాదు, చైను వంక చూడండి" అన్నాను.

ఆయన్ను బండి తోసుకురమ్మని చెప్పి, అరటి గెలలు తీసుకుపోతున్న ఆటో ఎక్కి గెలల మధ్య కూర్చున్నాను. కాస్త ఆలోచిస్తే అంతా తేటతెల్లమైంది. సుభానీకీ మా వియ్యపురాలికీ ఏదో ఒప్పందం ఉంది. సుభానీ చుట్టాలు కంకిపాడులో ఉన్నారా అని ఆటో అతన్ని అడిగాను. సుభానీ ఎవరని అతను నన్నే అడిగాడు. అతని మీద కూడా ఒక కన్నేసి ఉంచాను.

చర్చి గుమ్మంలో ఇన్నాసమ్మగారు, కొత్త చీర, తల తడిసిన పాప.

"రండి వదినగారూ. మీకోసం చూసి చూసి, ఫాదరుగారు ఇంకో ఊరు పోవాలంటే ఇక నేనే ఎత్తుకున్నాను. అయ్యో, చీరకు ఆ మరకేంటండీ?"

అరటి జిగురు. ఈనాటికీ వదల్లేదు.

మెకానిక్ చేసిన మోసమంతా మా అమ్మాయికి పూసగుచ్చినట్టు చెప్పాను. అంతలో మా ఆయన చెమటలు కక్కుతూ బండి తోసుకొచ్చారు. అమ్మాయి ఆయన్నే అడిగింది. "నాన్నా, చైను ఎవరు బిగించారు?"

చర్చి ముందు అబద్ధమాడలేని మనిషి. "పానా నేను పట్టుకున్నానమ్మా. లాగింది మీ అమ్మ."

ఇన్నాసమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగారు.

సుభానీ కొత్త చైను వేసి, అదే వదులు ఉంచాడు. ఈసారి నేను పానా జోలికి పోలేదు. స్ప్రింగులు మాత్రం ఒక మెట్టు అన్నవాడు రెండు మెట్లు బిగించాడు. అది మనసులో పెట్టుకున్నాను.

ఇప్పుడు కంకిపాడు వెళ్ళి ఆ పిల్లను పేరు పెట్టి కసరాలంటే, ముందు వంటింట్లో ఎవరున్నారో తొంగి చూసుకోవాలి. అందుకే మంచం నులక తప్ప ఈ జన్మలో మరేదీ బిగించనని ఇన్నాసమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. చిన్నదాని నెత్తి మీదే లెండి. పెద్దావిడ నెత్తిన చెయ్యి పెట్టేంత నమ్మకం మా మధ్య ఇంకా కుదరలేదు.