మొదటి మాటకే ఇస్తానన్న చేను

చంద్రగిరిలో మా నాయనది చిల్లర అంగడి. తానడిగిన ధరకే ఎవరైనా సరుకిస్తే, నాయన ముందుగా బస్తా అడుగున చెయ్యి పెట్టి పురుగుల కోసం వెతికేవాడు. ఆ ఇంట్లో పెరిగిన నేను సత్యవేడు దగ్గర రెండెకరాల చేను కొందామని వెళ్లాను. రైతు కోప్పడి బేరానికి దిగుతాడనే ధర బాగా తగ్గించి అడిగాను.

"సరే, తీసుకోప్పా" అన్నాడాయన. "మోకాళ్లు పోయినాయి. బీడు పెట్టకుండా సేద్యం సేసుకుంటే సాలు."

మొదటి మాటకే ఇచ్చేస్తున్నాడంటే ఈ నేలకు ఏదో రోగం ఉంది.

"ఒకసారి చుట్టూ చూసొస్తానన్నా" అని బయలుదేరాను. ఆయన కర్ర పట్టుకుని వెనకే వచ్చాడు.

చెనిక్కాయ పీకేసిన ఎర్రనేల. చిటికెడు మట్టి నాలుకకు తగిలించాను. ఉప్పగా లేదు. అయితే ఉప్పు అడుగున ఉండి ఉంటుంది. పడమట బోడిగుట్ట. వానకు నీళ్లన్నీ ఇటే దొర్లుతాయని, కంచెలో వరద చెత్త కోసం వెతికాను. చీరపేలిక ఒకటి దొరికితే సంబరపడ్డాను.

"అది మా ఆడామె కాకులు బెదరాలని కట్టింది" అన్నాడు వెనక నుంచి.

తూర్పున చెరువు నిండుగా ఉంది. ఇంత నిండుగా ఎందుకుంది? దక్షిణం గట్టెక్కగానే నా ఫోనుకు తమిళనాడుకు స్వాగతమంటూ మెసేజి వచ్చింది.

"అన్నా, ఈ నేల ఏ రాష్ట్రంలో ఉండాది?"

"నేల ఈడే ఉండాదప్పా. నీ ఫోనే దాటుకోని పోయినాది."

"రేపు మా మామను పిలుచుకొచ్చి ఇంకోసారి చూస్తా."

ఆయన కర్ర నేలకు ఆనించి నిలబడ్డాడు. "నువ్వు నేలను సూస్తా ఉండావా, దొంగను ఎతకతా ఉండావా? పో అప్పా. నీకు ఇయ్యను."

అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. బేరం ఇప్పటికి మొదలైందనుకున్నాను. మా అంగడి పద్ధతిలో, అలిగినట్టు చరచరా రోడ్డు దాకా నడిచాను. వెనక్కి పిలుస్తాడు, పిలిచి తీరాలి. శ్రీసిటీ కంపెనీల బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. మా ఊరి వైపు బస్సు కూడా వచ్చింది. తిరిగి చూస్తే ఆయన నేను కదిలించిన కంచె కంపను సర్దుకుంటున్నాడు.

చేను పక్క ఊరివాళ్లు కొన్నారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా కిటికీ పక్కనే కూర్చుంటాను, నీళ్లు నిలిచాయేమో, పైరు ఎండిందేమోనని. పోయినసారి చెనిక్కాయ గట్టు నుంచి గట్టు దాకా పచ్చగా ఉంది.

అంత పచ్చగా ఎందుకుందో మాత్రం నాకు అనుమానమే.