బాపు మెచ్చిన అంబలి

ఈ మధ్య కరీంనగర్‌లో అంబలిని గాజు గ్లాసుల్లో పోసి అమ్ముతున్నారు. పైన కొత్తిమీర, పక్కన మడతపెట్టిన కాగితం. కారు దిగినవాళ్లు కళ్లు మూసుకొని తాగి, "అబ్బ, ఎంత ఆరోగ్యం!" అంటున్నారు. నాకు ఒళ్లు మండుతుంది. మా కాలంలో అంబలి తాగేవాణ్ణి చూసి జాలిపడేవారు, ఇప్పుడు మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోండి, నాకేం? కానీ అంబలి వండి కొలువు పోగొట్టుకున్న ఘనుడు ఈ జిల్లాలో నేను తప్ప ఇంకొకడు లేడు. నవ్వదలచినవారు సర్దుకొని కూర్చోండి.

అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన రోజులవి. మాది హుజూరాబాద్ దగ్గరి పల్లె, నేతపని ఇల్లు. బడి నన్ను తొందరగానే వదిలేసింది. మిగతా చదువంతా కిరాణా పొట్లాల కాగితాల మీద నాకు నేనే చదువుకున్నాను. సగం సగం వార్తలు చదివి చదివి, లోకంలో నాకు తెలియనిది లేదన్న నిర్ణయానికి వచ్చాను. ఆ ధైర్యంతోనే జమ్మికుంటలో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తాగా కుదిరాను.

బాపుకు, అంటే మా నాన్నకు, ఇష్టం లేదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేవాడు ఇంట్లో ఒకడు తగ్గుతున్నాడని ఆయన బాధ. ఆ గుంటలోనే నడుము వంగి ముసలివాణ్ణవుతానని నా భయం. చివరికి ఒక షరతు పెట్టాడు.

"పో. గని హోటళ్ల తిని జీతం కరగదీస్తే ఊకోను. నీ కూడు నువ్వే వండుకోవాలె. నేనొచ్చి సూస్త. సక్కగ తింటున్నవంటే ఉండు, లేకుంటే మూట కట్టుకొని నా ఎనుక రావాలె."

"వంటదేమున్నది బాపూ! నిప్పు, నీళ్లు. గంతే గద!" అన్నాను. ఆ రెంటి మధ్యలో ఇంకేదో జరగాలని అప్పటికి నేను చదివిన ఏ పొట్లం మీదా రాసిలేదు.

లచ్చవ్వ అనే ఆవిడ ఇంట్లో ఒక అర్ర అద్దెకు తీసుకున్నాను. మొదటిరోజు వండిన అన్నం గొప్పగా కుదిరింది. అడుగున బొగ్గు, నడుమ అన్నం, పైన బియ్యం! ఒక్క కుండలో మూడు రకాలు ఎవరికి సాధ్యం చెప్పండి?

వాసనకు లచ్చవ్వ గడపలోకి వచ్చింది. "ఓ గుమాస్తా! ఏం కాలవెడుతున్నవ్?"

"అన్నం వండుతున్న అవ్వా."

"గదేనా! పాత చెప్పులు పొయ్యిల పడ్డయనుకున్న."

పప్పు వండితే గోలీలయింది. కూర వండితే పొగయింది. దాంతో స్టేషన్ ముందరి హోటల్లో దొంగచాటుగా తినడం మొదలుపెట్టాను. నెల సగం కాకముందే జేబు అడుగంటింది. సరిగ్గా అప్పుడే, అంగడి నాడు బాపు వస్తున్నాడని కబురు వచ్చింది.

అర్రలో మిగిలింది ఒక సంచిలో జొన్నపిండి. లచ్చవ్వే జాలిపడి చెప్పింది.

"అంబలి కాయి పోరడా. పిండి ఇయ్యాల్నే నానవెట్టి పులియనియ్యి. ఉప్పెయ్యి. సల్లారినంక మజ్జిగ పొయ్యి, ఉల్లిగడ్డ కోసెయ్యి. జర పలుకు తగిల్తెనే రుచి."

"పులిసింది మా బాపుకు పెట్టమంటవా?"

"ఓయబ్బ! సదువుకున్నోనివి, నీ ఇష్టం!"

మరునాడు, అంగడి పొద్దున, కుండ ఎక్కించి, పిండి కలిపి, తెడ్డు పట్టాను. ఆశ్చర్యం! చెయ్యి దానంతటదే తిరిగింది. ఎందుకు తిరగదు? చిన్నప్పుడు ఇంట్లో అన్నం వండేది మా అవ్వ, పడుగుకు పెట్టే గంజి కాచేది నేను. మగ్గం ఎక్కేముందు నిలువు పోగులు తెగకుండా గంజి పట్టిస్తాం. అందులో ఒక్క ఉండ ఉండకూడదు. బట్టలో వడగట్టాలి. పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా చుక్క నూనె వెయ్యాలి. ఉప్పు, మజ్జిగ దాని దరిదాపుల్లోకి రాకూడదు. నా చేతులు ఇవన్నీ తు.చ. తప్పకుండా చేశాయి. బుర్రను ఒక్కమాట అడగలేదు. కుండలోకి తొంగిచూస్తే నా ముఖం కనబడింది. అంబలినీ ముఖాన్నీ కలిపి మెచ్చుకున్నాను.

బాపు వచ్చి కూర్చున్నాడు. గిన్నెలోకి వంచితే అంబలి అత్తగారింటికి వచ్చిన అల్లుడిలా నింపాదిగా దిగింది. బాపు ఒక్క గుక్క తాగాడు. 

"ఎట్లున్నదన్నా?" అని గడపలోంచి లచ్చవ్వ.

బాపు రెండు పెదవులనూ వేళ్లతో విడదీసుకుంటున్నాడు.

"అయ్యో, మూతి అతుక్కున్నట్టున్నదిరా పోరడా! నీళ్లియ్యి!"

బాపు నీళ్లు తాగి, కండువాతో మీసం తుడుచుకున్నాడు. మీసం కొనలు అప్పటికే బిర్రుగా నిలబడ్డాయి. ఆ కండువా అంచు నుంచి ఒక పోగు లాగి, గిన్నెలో ముంచి, రెండు వేళ్ల మధ్య దువ్వి, వెలుగుకేసి పట్టి చూశాడు. అటు లాగాడు, ఇటు లాగాడు. పోగు తెగలేదు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నువ్వు పోయిన కాంచి గిసుంటి గంజి లేక పోగులు పటపట తెగుతున్నయి కొడుకా."

"గంజి గాదు బాపూ, అంబలి!"

"నీ మొకం అంబలి. మూట కట్టు."

"సక్కగ తింటే ఉండుమన్నవ్ గద!"

"గట్లనా? అయితే ఒక్క బుక్క తిను. తిని, ఉంటనని చెప్పు. నేను పోత."

కొలువు కోసం పెద్ద బుక్కే పెట్టుకున్నాను. నా వాదన బలమైనదే. కానీ అదంతా పళ్ల మధ్య అతుక్కుపోయింది. నేను నోరు విప్పుకునేసరికి బాపు నా పెట్టె ఎత్తుకొని వాకిట్లో ఉన్నాడు.

"గా కుండ గూడ తీస్కపో అన్నా," అంది లచ్చవ్వ. "మా బర్రెకు పోసి సూసిన, మొకం తిప్పుకున్నది."

అలా నా ఉద్యోగ జీవితం ఒళ్లో గంజికుండతో బస్సెక్కి ఇంటికి చేరింది. ఆ గంజి పట్టించిన పడుగులో ఒక్క పోగు తెగలేదు. ఆ చీరలు హుజూరాబాద్ అంగట్లో ఇట్టే అమ్ముడుపోయాయి. నా వంటను కడుపునిండా తిన్నవారు లేరు గాని, ఒంటినిండా కట్టుకున్నవారున్నారు. ఈ గౌరవం గాజు గ్లాసులవాళ్లను దక్కించుకోమనండి చూద్దాం!

ఆనాడే మగ్గం గుంటలో నిలబడి, పడుగు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఈ కంఠంలో ప్రాణముండగా ఉండలు లేని అంబలి వండను. ఇప్పటిదాకా మాట తప్పలేదు. అనుమానముంటే మా ఇంటికి రండి, పోస్తాను. పళ్లు మాత్రం గట్టివి తెచ్చుకోండి.